ట్యాంకు: మాట పుట్టుక, అర్థాలు, మదనపల్లె సీమ వాడుక

ట్యాంకు అనే ఇంగ్లీషు మాటకు నేటి వాడుకలో ముఖ్యంగా మూడు అర్థాలున్నాయి. నీటినో, నూనెనో, గ్యాసునో నిల్వ ఉంచే పెద్ద తొట్టి ఒకటి. ఉక్కు కవచం తొడుక్కుని ఇనుప పట్టాల మీద నడిచే ఫిరంగి బండి రెండోది. మూడోది చెరువు. ఈ అర్థం భారతదేశం, శ్రీలంకల ఇంగ్లీషు దాటితే పెద్దగా వినపడదు. నిఘంటువులు చాలావరకు దీన్ని ప్రాంతీయమన్న గుర్తుతో ఓ మూలన పెడతాయి. చరిత్రలో మాత్రం ఇదే పెద్దక్క. తొట్టి అనే అర్థం ఇంగ్లీషులో కుదురుకోకముందే, ఫిరంగి బండి పుట్టడానికి మూడు వందల ఏళ్ల ముందే, ఈ దేశపు చెరువులను చూసిన ఇంగ్లీషువాళ్లు వాటిని ట్యాంకులని రాసుకున్నారు.

ఈ మాట జీవితాన్ని దగ్గర నుంచి చూడటానికి పాత చిత్తూరు జిల్లా పడమటి భాగం, అంటే మదనపల్లె, పుంగనూరు, కుప్పం ప్రాంతం, మంచి చోటు. సముద్రమట్టానికి దాదాపు 700 మీటర్ల ఎత్తున, రాతినేల మీద, ఏడాది పొడవునా పారే నది ఒక్కటీ లేని సీమ ఇది. మదనపల్లె పక్కన బాహుదా, కుప్పం వైపు పాలారు ఉన్నా, రెండూ వానలకు పారి ఎండలకు ఆగే ఏర్లే. అందువల్ల ఇక్కడి జనం నీటిని నిలబెట్టుకోవడం మీదే వందల ఏళ్లు బతికారు. పైగా ఇది మూడు భాషలు కలిసే సరిహద్దు. తెలుగువాడు చెరువన్నదాన్ని కన్నడిగుడు కెరె అంటాడు, తమిళుడు ఏరి అంటాడు. ఆ మూడింటి మీదా ఈస్టిండియా కంపెనీ కచేరీ ఒకే ముద్ర కొట్టింది: ట్యాంకు.

పుట్టుక

మాట ఎక్కడిదన్న విషయంలో పండితులు రెండు పక్షాలు. గుజరాతీ, మరాఠీ, రాజస్థానీ భాషల్లో నేలలో తవ్విన నీటి తొట్టికి టాంకా, టాంకే వంటి మాటలున్నాయి. రాజస్థాన్ ఎడారి ఇళ్లలో వాననీటిని పట్టి దాచుకునే భూగర్భ తొట్టిని ఇప్పటికీ టాంకా అనే అంటారు. పోర్చుగీసువాళ్లు పడమటి తీరంలో ఈ మాట విని తమ భాషలో కలుపుకున్నారని, వాళ్ల నుంచి ఇంగ్లీషుకు చేరిందని ఒక పక్షం. దీని మూలం సంస్కృతంలోని తడాగ శబ్దం కావచ్చునని కొందరి ఊహ.

రెండో పక్షంవారు పోర్చుగీసు టాంకె అచ్చంగా ఐరోపా మాటేనంటారు. పారే నీటిని ఆపడం అనే అర్థమున్న ఎస్టాంకార్ అనే క్రియ నుంచి అది వచ్చిందని, దాని వేళ్లు లాటిన్‌లో ఉన్నాయని వారి వాదం. స్పానిష్‌లో కొలనుకు ఎస్టాంకె అనే మాట ఉండటం ఈ వాదానికి బలం. యూల్, బర్నెల్ కూర్చగా 1886లో అచ్చయిన హాబ్సన్-జాబ్సన్ నిఘంటువు ఈ రెండు దారులనూ చర్చకు పెట్టింది. బర్నెల్ మద్రాసు రాజధానిలో ఉద్యోగం చేసిన సివిల్ అధికారి. దక్షిణాది చెరువులు ఆయనకు పుస్తకాల్లో చదివిన సంగతి కాదు. ఇప్పటి నిఘంటుకారుల్లో ఎక్కువమంది మధ్యే మార్గం పడతారు. దేశీయ మాట, పోర్చుగీసు మాట రెండూ పోలికగా ఉండటంతో ఒకదానికొకటి బలమిచ్చుకుని ఇంగ్లీషులో స్థిరపడ్డాయంటారు. ఉన్న సాక్ష్యాలకు ఇదే సరిపోయే తీర్పు.

పోర్చుగీసు వర్తకుల నోటి నుంచి నీళ్ల సామాను పేర్లు మన భాషల్లోకి రావడం వింతేమీ కాదు. తెలుగిళ్లలోని బాల్చీ, పీపా రెండూ అలా వచ్చినవే. ఇంగ్లీషు రాతల్లో ట్యాంకు 1610ల నుంచి కనిపిస్తుంది. సూరత్‌లో ఈస్టిండియా కంపెనీ కాలు మోపిన రోజులవి. అప్పటి యాత్రికులు సాగుకో తాగడానికో నీరు నిలిపిన కొలనునే ఆ మాటతో చెప్పారు. చెక్కతోనో లోహంతోనో చేసిన పెద్ద తొట్టి అనే అర్థం ఆ శతాబ్దం చివరికి గాని రాలేదు.

తెలుగు వైపు కథ ఇంకా పాతది. చెరువు, కన్నడ కెరె ఒకే మూలానికి చెందినవి. మూల ద్రావిడంలోని కకారం తెలుగులో ఇ, ఎ అచ్చుల ముందు చకారంగా మారుతుంది. కన్నడ కివి తెలుగులో చెవి అయినట్టే కెరె చెరువయింది. పాత తెలుగులో ఇది శకట రేఫతో చెఱువు. బందిఖానా అనే అర్థమున్న చెఱ, ఈ చెఱువు ఒకే కుదురువని ద్రావిడ వ్యుత్పత్తి నిఘంటువు చూపుతుంది. తమిళంలో సిఱై అంటే చెర, కట్ట రెండూను. పారేదాన్ని పోనివ్వకుండా పట్టి ఉంచడమే మూలభావం. లాటిన్ వైపు నుంచి వచ్చిన పోర్చుగీసు మాటలోనూ సరిగ్గా అదే భావం ఉంది. ఒక విడ్డూరం కూడా చెప్పుకోవాలి. అమెరికా వాడుకలో పోలీసు స్టేషన్‌లోని బందెలదొడ్డి లాంటి గదిని ట్యాంకు అంటారు. తాగి తూలినవాళ్లను తెల్లారేదాకా అందులో పడేస్తారు. రెండు భాషలూ ఒకదానికొకటి తెలియకుండానే నీటి చెర నుంచి మనిషి చెరకు వెళ్లాయి.

కచేరీ కాగితాల్లో

మదనపల్లె 1911 ఏప్రిల్ 1న చిత్తూరు జిల్లా ఏర్పడేదాకా కడప జిల్లాలో ఉండేది. పుంగనూరు జమీందారీ ఉత్తర ఆర్కాడు కిందిది. ఏ జిల్లా కింద ఉన్నా రెవెన్యూ కాగితాల్లో చెరువు పేరు ట్యాంకే. సి.పి. బ్రౌన్ కడపలో ఉద్యోగం చేసినవాడు. ఆయన 1852లో వెలువరించిన తెలుగు–ఇంగ్లీషు నిఘంటువులో చెరువుకిచ్చిన అర్థాల్లో ఈ మాట ఉంది. సర్వే రికార్డుల్లో చెరువు గర్భాన్ని ట్యాంకు పోరంబోకు అన్నారు. పోరంబోకు తమిళ మాట. అలా ఒకే గడిలో ఇంగ్లీషూ తమిళమూ కూర్చున్నాయి. తెలుగు రైతు దాన్ని చెరువు పోరంబోకుగా తిప్పుకున్నాడు. చెరువు ఆక్రమణ తగాదా తహసీల్దారు కచేరీకి వెళితే ఈనాటికీ ముందు తీసేది ఆ గడే.

ఇచ్చిపుచ్చుకోవడం ఒకవైపే సాగలేదు. చెరువు కింద సాగయ్యే భూమిని ఆయకట్టు అంటాం. ఇంగ్లీషు ఇంజనీర్లకు దానికి సరైన మాట దొరక్క అదే ఎత్తుకున్నారు. భారతదేశపు సాగునీటి నివేదికల్లో ఇప్పటికీ ఆయకట్టు ఆయకట్టుగానే ఉంటుంది. కట్టకు వాళ్లు వాడిన బండ్ పారసీ నుంచి హిందుస్థానీ మీదుగా చేరింది. ఇంగ్లీషు పేరులా వినపడే హైదరాబాదు ట్యాంక్‌బండ్‌లో మొదటి మాట పుట్టుక మీద పంచాయితీ తేలలేదు, రెండోది పారసీ, కాపలా కాసేది మాత్రం కుతుబ్‌షాహీల కాలపు హుస్సేన్‌సాగర్‌ని. కుప్పం నుంచి రైలెక్కి బెంగుళూరు వెళితే అక్కడ శాంకీ ట్యాంకు ఉంది. 1882లో కర్నల్ రిచర్డ్ శాంకీ కట్టించిన చెరువది. మద్రాసులో 1920లలో పూడ్చి త్యాగరాయనగర్ కట్టిన చెరువు పేరు లాంగ్ ట్యాంకు.

1876–78 కరువు తర్వాత 1880లలో మద్రాసు ప్రభుత్వం చెరువుల పునరుద్ధరణకు ట్యాంక్ రెస్టొరేషన్ స్కీమ్ పెట్టింది. ఒక్కో పరీవాహకంలోని చెరువులను కొలిచి, కట్ట ఎత్తెంత, తూములెన్ని, మిగులు నీరు పొర్లే మొరవ వెడల్పెంత అని పట్టికలు వేయించింది. అప్పుడు స్థిరపడిన పదజాలమే నేటి నీటిపారుదల శాఖ మాట్లాడేది. నిండు మట్టం ఎఫ్‌టీఎల్. నదీ కాలువ నుంచి నీరందేది సిస్టం ట్యాంకు. వాన మీదే ఆధారపడేది నాన్ సిస్టం ట్యాంకు. నీరు నిలిచి భూమిలోకి ఇంకడానికే తవ్వింది పెర్కొలేషన్ ట్యాంకు, ఊళ్లో చెప్పుకునేది ఊటకుంట. 2,000 హెక్టార్ల లోపు ఆయకట్టున్నది చిన్నతరహా లెక్క. అది ఎంఐ ట్యాంకు. ఒకదాని మొరవ నీరు మరోదానికి చేరేలా వరుసగా ఉన్న గొలుసుకట్టు చెరువులు ఇంజనీరు నోట చైన్ ట్యాంకులయ్యాయి.

ముద్ర కింద కనుమరుగైనవి

ఒకే మాటతో పని జరిగిపోవడం కచేరీకి సుఖం. నష్టపోయింది తేడాల లెక్క. చెరువు, కుంట, గుంట, కోనేరు, గుండం, పుష్కరిణి ఇంగ్లీషు కాగితం మీద దాదాపుగా ఒకటే. సాగు చెరువు, పశువుల కుంట, దేవుడి తెప్ప తిరిగే కోనేరు ఊరి లెక్కలో వేర్వేరు ఆస్తులు. వాటి మీద హక్కులు వేరు, బాధ్యతలు వేరు. కోనేటికి ఆయకట్టు ఉండదు, కుంటకు నీటి వంతులు చూసే నీరుగంటి ఉండడు.

మొరవ సంగతే చూడండి. చెరువు నిండి మిగులు నీరు పొర్లిపోయే చోటును చిత్తూరు సీమలో మొరవ అంటారు. అనంతపురంలో అది మరువ, కడపలోనూ తెలంగాణలోనూ అలుగు, నెల్లూరులో కలుజు, వరంగల్లు వైపు మత్తడి. ఇన్ని పేర్లకూ ఇంగ్లీషులో సర్‌ప్లస్ వియర్ అని ఒకటే. మదనపల్లె పల్లెల్లో వానాకాలం పలకరింపు ‘మీ చెరువు మొరవ పోయిందా?’ అని. పోయిందంటే ఆ ఏడు వరికి, ఆ పైఏడు బోర్లకు భరోసా. మొరవ పోయిన రోజున గంగమ్మకు పసుపు కుంకుమ వేసి హారతి ఇవ్వడం ఈ సీమ ఆచారం. సర్‌ప్లస్ వియర్‌కు హారతి ఇచ్చినవారెవరూ లేరు.

చెరువంటే గుంతలో నిలిచిన నీరు ఒక్కటే కాదు. పైన కొండల నుంచి నీరు తెచ్చే వంకలు, వరవ కాలువలు. కింద కట్ట, తూము, మొరవ, పంటకాలువలు, ఆయకట్టు. వీటన్నిటి మధ్యన మనుషులు. పాత తూము పని చూస్తే ఇది తెలుస్తుంది. కట్టకు లోపలివైపు నీటిలో రెండు రాతి కంబాలు నిలబెట్టి, వాటి మధ్య చిల్లులున్న అడ్డబండలు పెట్టేవారు. ఆ చిల్లుల గుండా పొడవాటి కొయ్య దిగుతుంది. కొయ్య అడుగున తూము కన్నానికి సరిపడే దిమ్మె. నీరుగంటి ఈదుకుంటూ వెళ్లి కంబం ఎక్కి, కొయ్యను ఎంత పైకి లాగితే అంత నీరు. ఏ మడికి ఎన్ని గడియలన్నది అతని నోటి లెక్క. ఎవరి పొలానికీ పక్షపాతం చూపకూడదు కనుక చాలా ఊళ్లలో ఆయకట్టులో సొంత మడి లేనివాడినే ఆ పనిలో పెట్టేవారు. ఈ కంబాలు పూడిక పట్టిన చెరువుల్లో ఇప్పటికీ తల ఎత్తుకుని కనిపిస్తాయి. తూముకు ఇనుప షట్టరు, మరచక్రం వచ్చాక వాటితో పని లేకుండా పోయింది.

చెరువు తవ్వించినవారికి, మరమ్మతు చేయించేవారికి ఆయకట్టులో కొంత భూమినో, శిస్తులో కొంత వాటానో వదిలేసే పద్ధతి ఉండేది. దాన్ని దశబంధం అన్నారు. కడప, చిత్తూరు శాసనాల్లోనూ బ్రిటిషు ఇనాం రికార్డుల్లోనూ ఈ మాట తరచుగా వస్తుంది. సరిహద్దు అవతల కోలారు వైపు కట్టుకొడగి అనేది ఇదే పనికి చెప్పే పేరు. ఊరంతా తలా ఒక చెయ్యి వేసి పూడిక తీయడం, గండ్లు పూడ్చడం కుడిమరామత్తు. ప్రభుత్వం ఆ ఆచారాన్ని 1858లో మద్రాసు నిర్బంధ శ్రమ చట్టంగా మార్చి పనికి రానివాడికి జరిమానా పెట్టింది. ఊరి కట్టుబాటుగా సాగిన పని చట్టపు బెదిరింపుతో బాగుపడలేదు. చెరువును పాత్రగా చూసినవారికి పాత్రకు మాట్లు వేస్తే చాలనిపిస్తుంది. ట్యాంకు అనే పేరు ఆ చూపుకు కొంత తోడ్పడిందన్నది ఈ వ్యాసకర్త అభిప్రాయం.

సముద్రాలు

మాటల విషయంలో విజయనగర పాలకుల తీరు ఈ కచేరీ తీరుకు పూర్తిగా ఎదురు. చెరువు తవ్వించి సముద్రమని పేరు పెట్టారు. మదనపల్లె చుట్టూ ఆ పేర్లే: పెద్దతిప్పసముద్రం, చిన్నతిప్పసముద్రం, రామసముద్రం. కుప్పం దగ్గర పరమసముద్రం. ఉప్పునీటి సముద్రం ఏ దిక్కు చూసినా వంద మైళ్ల పైమాటగా ఉన్న చోట ఇన్ని సముద్రాలు! ములకలచెరువు లాగా ఉన్నదున్నట్టు పేరు పెట్టుకున్న ఊళ్లూ ఉన్నాయి. చిన్నతిప్పసముద్రాన్ని ఇప్పుడు అందరూ సీటీఎం అంటారు. సముద్రం కాస్తా ఒక ఇంగ్లీషు అక్షరమై చివర్న మిగిలింది.

చెరువంటే ఆ కాలంవారి దృష్టిలో ఏమిటో చెప్పే రాత మదనపల్లెకు ఉత్తరాన, కడప జిల్లా పోరుమామిళ్లలో ఉంది. విజయనగర రాజు బుక్కరాయల కొడుకు భాస్కర భవదూరుడు 1369లో అక్కడి చెరువు కట్టించి సంస్కృతంలో శాసనం వేయించాడు. రోజుకు వెయ్యిమంది కూలీలు, రాయి తోలడానికి వంద బండ్లు, రెండేళ్ల పని అని అందులో ఉంది. మంచి చెరువుకు పన్నెండు అంగాలు చెప్పింది. ధర్మం తెలిసిన రాజు, జలశాస్త్రం తెలిసిన బ్రాహ్మణుడు, గట్టి మట్టి నేల, తీపి నీటి నది, రెండు కొండల మధ్య మరీ పొడవు కాని గట్టి రాతికట్ట, పొడవాటి రాళ్లు దొరికే గని, పనితనం ఉన్న మనుషులు వాటిలో కొన్ని. ఆరు దోషాలు కూడా చెప్పింది: కట్ట కారడం, ఉప్పు నేల, గర్భం మధ్యలో మిట్ట, నీరు తక్కువై ఆయకట్టు ఎక్కువ కావడం, నీరు ఎక్కువై భూమి తక్కువ కావడం. ఇంకొకటి రెండు రాజ్యాల సరిహద్దులో ఉండటం.

ఆ సరిహద్దు దోషాన్ని కుప్పంవారికి విడమర్చి చెప్పనక్కర్లేదు. పాలారు కర్ణాటక నంది కొండల్లో పుట్టి, ఆంధ్రప్రదేశ్‌లో కుప్పం ప్రాంతం గుండా 33 కిలోమీటర్లు మాత్రమే పారి తమిళనాడులోకి వెళుతుంది. 1892లో మైసూరు, మద్రాసు ప్రభుత్వాలు చేసుకున్న ఒప్పందంలో ఈ ఏరూ ఉంది. కుప్పం దగ్గర దాని మీద ఆనకట్ట తలపెట్టినప్పుడు తమిళనాడు 2006లో సుప్రీంకోర్టుకు వెళ్లింది. చెక్‌డ్యాముల ఎత్తు పెంచినప్పుడల్లా ఆ తగాదా మళ్లీ లేస్తూనే ఉంది.

మొదటి దోషం, అంటే కట్ట కారడం, ఈ మధ్యే కళ్లబడింది. 2021 నవంబరు వానలకు తిరుపతి దగ్గరి రాయలచెరువు నిండిపోయి కట్టకు చెమ్మ దిగింది. కింది పల్లెల జనాన్ని ఖాళీ చేయించి ఇసుక మూటలతో కట్టను నిలబెట్టారు. విజయనగర కాలపు చెరువుగా పేరున్న ఆ కట్ట నిలిచింది. అదే వానలకు నవంబరు 19న రాజంపేట దగ్గర అన్నమయ్య ప్రాజెక్టు మట్టికట్ట తెగిపోయింది.

యుద్ధంలోకి

మొదటి ప్రపంచయుద్ధంలో కందకాలు దాటి, ముళ్లకంచెలు తొక్కుకుంటూ పోయే బండి కోసం బ్రిటన్ 1915లో ల్యాండ్‌షిప్ కమిటీ వేసింది. లింకన్ పట్టణంలోని ఫాస్టర్ కర్మాగారంలో బండి తయారవుతుంటే, గూఢచారులకు అనుమానం రాకుండా ఒక మారుపేరు కావలసి వచ్చింది. ఇనుప రేకుల పెద్ద పెట్టె కనుక చూసేవారికి నీళ్ల తొట్టిలాగే ఉంటుంది. మెసొపొటేమియా సేనలకు నీళ్లు మోసే బండ్లని ఒక వదంతి వదిలారు. 1915 చివర్లో కమిటీ కాగితాల్లో ట్యాంకు అనే పేరు ఖాయమైంది. 1916 సెప్టెంబరు 15న సొమ్ నది పోరులో ఆ బండ్లు మొదటిసారి రణరంగానికి దిగాయి. మారుపేరే అసలు పేరై నిలిచింది. తెలుగు పత్రికలు యుద్ధశకటం అని ప్రయత్నించినా పాఠకుడి నోట యుద్ధట్యాంకే నిలబడింది. సంగారెడ్డి జిల్లా ఎద్దుమైలారం ఆయుధ కర్మాగారంలో తయారయ్యే కవచ వాహనాలను కూడా చుట్టుపక్కల జనం ట్యాంకులనే అంటారు. నిజానికవి సైనికులను మోసే పోరు వాహనాలు.

తక్కిన అర్థాలు త్వరగా చెప్పుకోవచ్చు. మరుగుదొడ్డి మురికి నిలిచే సెప్టిక్ ట్యాంకు 1890లలో ఇంగ్లండులో పేరు పొందింది. ఈతకొలనును ఒకప్పుడు స్విమ్మింగ్ ట్యాంకు అనేవారు. అక్కడ వేసుకునే దుస్తు నుంచి చేతుల్లేని బనియను ట్యాంక్ టాప్ అయింది. మెదడుకు ముద్దుపేరుగా 20వ శతాబ్ది మొదట్లో పుట్టిన థింక్ ట్యాంకు 1950ల చివరికి మేధావుల సంస్థకు పేరయింది. తెలుగులో మేధోమథన సంస్థ అంటున్నారు. టెన్నిస్‌లో కావాలని ఓడిపోవడం, షేరు ధర కుప్పకూలడం ట్యాంకు క్రియలైతే, కుర్రకారు మొబైల్ ఆటల్లో దెబ్బలన్నీ తన మీద వేసుకునే పాత్ర పేరు ట్యాంకు.

తిరిగివచ్చిన ట్యాంకు

ఇంగ్లీషువాళ్లు చెరువుకు పెట్టిన పేరు తెలుగు నోటికి వచ్చేసరికి చెరువు కాకుండా పోయింది. మదనపల్లెలో ట్యాంకంటే మిద్దె మీది నల్ల ప్లాస్టిక్ డ్రమ్ము. దాన్ని సింటెక్స్ అని కంపెనీ పేరుతో పిలవడమూ అంతే మామూలు, ఏ కంపెనీదైనా సరే. నేలలో తవ్విన తొట్టి బెంగుళూరు ప్రభావంతో సంపు. వీధి చివర దిమ్మె మీద కొళాయిలతో నిలబడేది మినీ ట్యాంకు. ఊరి నడుమ కంబాల మీద ఎత్తుగా ఉండేది ఓవర్‌హెడ్ ట్యాంకు. ‘ట్యాంకు నిండింది, మోటారు ఆపండి’ అన్న కేక వినని వీధి ఉండదు. సిమెంటు తొట్టిని, పశువులు తాగేదాన్ని మాత్రం ఇంకా తొట్టి అనే అంటారు. తెలంగాణలో హిందుస్థానీ నుంచి దిగిన ట్యాంకీ వినిపిస్తుంది. చిత్తూరు సీమలో అది లేదు.

ఈ ప్రాంతపు అసలైన కొత్త అర్థం టమాటా తోటల్లో పుట్టింది. మదనపల్లె టమాటా మార్కెట్టు దేశంలోనే పెద్దవాటిలో ఒకటి, చుట్టూ పల్లెలన్నీ ఆ పంట మీదే. మందు కొట్టే రైతు వీపున తగిలించుకునే స్ప్రేయరు సాధారణంగా 16 లీటర్లు పడుతుంది. దాన్నీ ట్యాంకే అంటారు. కొలత కూడా అదే అయింది. పురుగుమందుల అంగట్లో మాట్లాడేది లీటరుకు ఎంతన్నది కాదు, ‘ట్యాంకుకు ఎంత వేయాల?’ అని. కూలి మాట్లాడుకునేది ట్యాంకుల లెక్కనే. ఎకరా చేనుకు ఎన్ని ట్యాంకులు పడతాయన్నది మొక్క ఎత్తును బట్టి ఉంటుంది; నారు నాటిన కొత్తలో తక్కువ, కట్టెలు పాతి తీగ కట్టాక ఎక్కువ. శేరు, మానిక, పుట్టి లాంటి కొలతల వరుసలో ఈ ట్యాంకు చేరింది గాని నిఘంటువుల్లోకి ఇంకా ఎక్కలేదు. 16 లీటర్లదని, 20 లీటర్లదని అడగకుండా మందు కలిపితే మోతాదు తప్పుతుంది. అంగడివారు ముందుగా సైజు అడగడం మంచి అలవాటు.

ట్యాంకరు దీని తమ్ముడు. నూనె మోసే ఓడకు 20వ శతాబ్ది ఆరంభంలో పెట్టిన పేరు. కుప్పం, పుంగనూరు వైపు పాలు మోసే ట్యాంకర్లు డెయిరీలకు పరిగెడతాయి. ఎండాకాలం వచ్చిందంటే నీళ్ల ట్యాంకర్లు. బోర్లు ఎండిన వీధుల్లో బిందెల వరుసలు, ‘ట్యాంకరు వచ్చిందా?’ అనే ప్రశ్న ఈ మూడు పట్టణాలకూ పాత పరిచయాలే. 1980ల నుంచి బోరుబావుల సేద్యం పెరిగేకొద్దీ చెరువు పట్టింపు తగ్గింది. రాతినేలలో బోరుకు ఊట వచ్చేది పైన చెరువు నిండితేనే. ఆ సంగతి రైతుకు తెలుసు. తెలిసినా వంకలు పూడ్చి ప్లాట్లు వేసేవారిని ఆపడం ఒక్క రైతు వల్ల కాలేదు.

మళ్లీ చెరువు వైపు

ఇటీవల ఈ మాట మరో మలుపు తిరిగింది. పట్టణాలకు తాగునీరు నిల్వ చేయడానికి కట్టే చిన్న జలాశయాన్ని సమ్మర్ స్టోరేజీ ట్యాంకు అంటున్నారు. ఎస్ఎస్ ట్యాంకు అని కురచ పేరు. మదనపల్లెకు చిప్పిలి దగ్గర అలాంటిది ఉంది. చుట్టూ మట్టికట్ట, మధ్యలో ఎకరాల కొద్దీ నీరు, చూస్తే చెరువే. కానీ ఊరివాళ్లు దాన్ని చెరువనరు, ట్యాంకు దగ్గరికి వెళ్లొస్తామంటారు. ఇంగ్లీషు కాగితం మీద నాలుగు వందల ఏళ్లు చెరువుగా ఉన్న మాట తెలుగు నోట తొలిసారి ఇక్కడ చెరువును పోలినదానికి తగులుకుంది. జనం వేరుచేసి పలకడంలో అర్థం లేకపోలేదు. దానికి సొంత వంక లేదు, ఆయకట్టు లేదు, మొరవ పోయేదీ లేదు. కాలువ నీటితో నింపుకునే తొట్టి అది.

ఆ కాలువ హంద్రీ–నీవా సుజల స్రవంతి. శ్రీశైలం వెనుక జలాలను కర్నూలు వైపు మల్యాల దగ్గర ఎత్తిపోసి, అనంతపురం మీదుగా మెట్ట తర్వాత మెట్ట ఎక్కించి ఈ సీమకు తెచ్చే పథకం. ఇందులో పుంగనూరు బ్రాంచి కాలువ, దాని నుంచి కుప్పం బ్రాంచి కాలువ. 2025 ఆగస్టు 30న కుప్పం దగ్గర పరమసముద్రంలో ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడు కృష్ణా జలాలకు హారతి ఇచ్చారు. కాలువ నీటితో చెరువులు నింపడం మొదలైతే ఇంజనీర్ల పట్టికలో నాన్ సిస్టం ట్యాంకులు సిస్టం ట్యాంకులవుతాయి. దానితో పాటు నీటి వంతుల లెక్క, ఎవరు ముందు, ఎవరు వెనుక అనే లెక్క మారుతుంది. 1997 నాటి సాగునీటి వ్యవస్థల రైతు యాజమాన్య చట్టం కింద ఏర్పడ్డ నీటి సంఘాలు ఈ పని చూడాలి. తెలంగాణలో 2015లో మిషన్ కాకతీయ, ఆంధ్రప్రదేశ్‌లో నీరు–చెట్టు పేరుతో పూడికతీతలు సాగాయి. రెండు ప్రభుత్వాలూ తమ పథకాల పేర్లలో ట్యాంకు మాటను రానివ్వకపోవడం గమనించదగ్గది.

తెలుగు సామెతల్లోనూ ఈ మాటకు చోటు లేదు. చెరువు నిండితే కప్పలు చేరతాయంటాం, మూడు చెరువుల నీళ్లు తాగించాడంటాం. ట్యాంకు మీద ఒక్క సామెతా పుట్టలేదు. కుప్పంలో 1997 నుంచి ద్రావిడ విశ్వవిద్యాలయం ఉంది. తెలుగు, కన్నడ, తమిళ రైతులు పక్కపక్కనే సేద్యం చేసే ఆ నేల మీద చెరువు మాటలన్నిటినీ, మొరవ, వరవ, నీరుగంటి, దశబంధంతో సహా, మూడు భాషల్లో పక్కపక్కన పెట్టి పదకోశం వేయడానికి అంతకంటే తగిన చోటు ఉండదు. నీరుగంట్లు బతికుండగానే ఆ పని జరగాలి.

రాతలో ట్యాంకు, ట్యాంక్ రెండూ ఉన్నాయి. బహువచనం ట్యాంకులు. పాత పుస్తకాల్లో టాంకు అని కూడా కనిపిస్తుంది. పాత గెజిటీర్లు, సర్వే కాగితాలు తిరగేసే పాఠకుడు వాటిలో ట్యాంకన్న చోటల్లా ముందు చెరువనే చదువుకోవాలి; 1915కు ముందు రాసిన ఏ కాగితంలోనూ ఆ మాటకు యుద్ధవాహనమనే అర్థం ఉండదు.